మడత మీది మాట

రాజోలు
10-9-1979

చిరంజీవి రూతుకు అత్తయ్య దీవెనలు.

ఇక్కడ మేమంతా బాగున్నాం. నువ్వెలా ఉన్నావో రాయలేదు కనక బాగానే ఉన్నావనుకుంటున్నాను. కిందటి నెల నీ ఉత్తరం నాలుగు వరసలే ఉంది. నాలుగు వరసలకి ఇన్లాండ్ లెటరు ఎందుకే, కార్డు ముక్క చాలదూ? మన చర్చి స్త్రీల సమాజంలో అందరూ చెంగులు సర్దుకుని కూర్చునేలోపే చదవడం అయిపోయింది. సీతారత్నం ముఖం ముడుచుకుని, "మన డాక్టరమ్మకి తీరుబడి లేదు కాబోలండీ" అంది. నేను ఊరుకుంటానా? రెండో సంవత్సరం డాక్టరీ అంటే ఆవిడ వంకాయ కూరలా ఇట్టే అయ్యే పని కాదని గట్టిగా అంటించాను. సమాజానికి సెక్రటరీనై ఉండి అలా అనకూడదనుకో, కానీ అనేశాను.

ఈ నెల మొదటి ఆదివారం పిడికెడు బియ్యం బుట్ట నిండింది. వానలకి కూలి పనులు లేకపోయినా ఒక్కరూ మానలేదు. ఎసట్లో బియ్యం పోసేముందు ఓ పిడికెడు తీసి పక్క కుండలో వెయ్యడం, నెల మొదట్లో ఆ కుండ గుడికి తేవడం, ఇప్పుడు పేటలో చంటిపిల్లలు కూడా అడిగి గుర్తుచేస్తున్నారు. "డాక్టరమ్మ పిడికెడు తీసేవా అమ్మా?" అంటారట. ఆ బియ్యం అమ్మి నీకు యథాప్రకారం మనియార్డరు చేశాను. చిన్నమ్మలు తెచ్చేవి ఎప్పట్లాగే నూకలు. సిగ్గుపడి అందరూ పోశాక చివర్న వచ్చి బుట్టలో పోసి వెళ్ళిపోతుంది.

చిన్నమ్మలంటే గుర్తొచ్చింది. కొబ్బరితోటలో మట్టలు మోస్తుంటే కాలి బొటనవేలు దగ్గర గీసుకుని పుండు పడింది. నెల దాటినా మానలేదు. నొప్పి మాత్రం లేదంటుంది. ఆస్పత్రికి పదవే అంటే రాదు. ఎప్పుడో ఎక్కడో ఒక ఆస్పత్రిలో ఆవిడ పాదం ముట్టుకోకుండా, దూరంగా నిలబెట్టి చీటీ రాసి పంపేశారట. "మన పిల్లయితే సేత్తో పట్టుకుని సూత్తాది కదండీ" అంటుంది. ఏం రాయాలో నువ్వే చెప్పు. సీతారత్నం మోకాళ్ళ సంగతి కూడా అడగమంది గానీ ఆవిడకి నడిస్తే తగ్గుతుందని నేనే చెప్పేశాను.

మీ నాన్న తాలూకాఫీసులో అందరికీ నీ సంగతే చెబుతున్నాడు. ఈసారైనా పేజీ నిండా రాయి.

నీ మంచి కోరే
కృపావతి అత్తయ్య


లేడీస్ హాస్టలు, విశాఖపట్నం
27-9-1979

అత్తయ్యగారికి వందనాలు.

ఈ ఉత్తరం మీకు ఒక్కరికే. సమాజంలో చదవకండి. చదవక తప్పకపోతే, నేను క్షేమమనీ, ఇక్కడ కూడా వానలేననీ, అందరికీ వందనాలనీ చెప్పి ఊరుకోండి.

అత్తయ్యా, నేను ఈ చదువు చదవలేను. ఈ వాక్యం రాయడానికి నాకు ఏడాది పట్టింది. కష్టంగా ఉందని కాదు. మార్కులు వస్తున్నాయి. శవాన్ని కోసేటప్పుడు మొదట్లో భయపడ్డాను, ఇప్పుడు భయం కూడా లేదు. భయం పోతే ఇష్టం వస్తుందని సీనియర్లు చెప్పారు. రాలేదు. ఆ మందు వాసన ఎంత కడిగినా చేతికి ఉండిపోతుంది. ఆ చేత్తో అన్నం కలుపుతుంటే మన బుట్టలో బియ్యం కళ్ళ ముందు కనబడతాయి, ముద్ద దిగదు.

కిందటి నెల ఒక సీనియరు అక్కతో వార్డుకి వెళ్ళాను. మంచం మీద ముసలాయన మూలుగుతున్నాడు. నాతో వచ్చిన వాళ్ళంతా ఆయన చుట్టూ చేరి, ఎప్పటినుంచి, ఎక్కడ, ఎలా అని అడుగుతున్నారు. వాళ్ళ కళ్ళు మెరుస్తున్నాయి. నేను మాత్రం ఎప్పుడు బయటపడతానా అని కిటికీలోంచి వేపచెట్టు చూస్తూ నిలబడ్డాను. నాకు రోగులంటే జాలి ఉంది. తెలుసుకోవాలన్న ఆసక్తి లేదు. జాలి ఒక్కటీ ఉంటే సరిపోదని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

నన్ను డాక్టరు చేస్తామని మీరంతా అనుకున్నప్పుడు నాకు పన్నెండేళ్ళు. గుడిలో నిలబెట్టి ప్రార్థన చేశారు, నేను కూడా ఆమేన్ అన్నాను. ఇప్పుడు కాదంటే ఆ మాట ఎవరి ముఖం చూసి అనాలి? మానేస్తే ఏం చేస్తానో కూడా నాకు తెలియదు. పోనీ కళ్ళు మూసుకుని పూర్తి చేసేస్తే, జీవితమంతా కళ్ళు మూసుకునే మనుషుల ఒళ్ళు చూడాలి. అది ఇంకా పెద్ద పాపం అనిపిస్తోంది. మీరే ఏదైనా చెప్పండి. నాన్నగారికి మాత్రం ఇప్పుడే చెప్పకండి.

మీ
రూతు

(మడత మీద, అడ్డంగా)
చోటు చాలక ఇక్కడ రాస్తున్నాను. చిన్నమ్మలుగారిని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. నెల దాటినా మానని పుండుకి నొప్పి లేదంటే మంచిది కాదు. ఒంట్లో చక్కెర ఉందేమో పరీక్ష చేయించాలి. నా కోసం ఆగవద్దని చెప్పండి.


రాజోలు
10-10-1979

రూతుకు,

నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఏం రాశావే అది? సమాజంలో ఏదో చదివానులే, అదేమిటో నన్నడక్కు. అందరూ సంతోషించారు. నువ్వు చెప్పినట్టే మీ నాన్నకీ అమ్మకీ చెప్పలేదు. నాలో నేనే కుమిలిపోతున్నాను.

నిజం చెప్పు. ఎవరైనా అబ్బాయా? నేనేమీ అనను. నీ అంతట నీకు ఇలాంటి ఆలోచన వచ్చిందంటే నమ్మలేకపోతున్నాను. లేకపోతే హాస్టల్లో ఎవరైనా మన కులం ఎత్తి ఏమైనా అన్నారా? అంటే అననీ. మీ తాతయ్యని బడి అరుగు కింద కూర్చోబెట్టి అక్షరాలు చెప్పారు, అయినా దిద్దాడు. నేను టీచరుద్యోగంలో చేరిన రోజున కుర్చీ దాచేశారు. నిలబడే పాఠం చెప్పాను. నువ్వు మా అందరికన్నా గట్టిదానివి.

ఇష్టం లేకపోవడం ఒక కారణమా? ఇష్టపడి చేసే పనులు లోకంలో ఎన్ని ఉన్నాయి? నేను ఇరవై ఏళ్ళుగా రెండో ఎక్కం చెబుతున్నాను, ఇష్టంతోనా? కొంచెం ఓపిక పట్టు. పరీక్షల ముందు అందరికీ ఇలాగే ఉంటుందట.

చిన్నమ్మలు గురించి బెంగపడకు. నీ మాట విన్న దగ్గర్నుంచి ఆవిడకి కొండంత ధైర్యం వచ్చింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నీ మాటే చెబుతోంది. అలాంటివాళ్ళ ముఖాలు ఒక్కసారి తలుచుకో తల్లీ, పుస్తకం అదే తెరుచుకుంటుంది.

కృపావతి


విశాఖపట్నం
30-10-1979

అత్తయ్యగారికి,

అబ్బాయి ఎవరూ లేరు. ఉంటే బాగుండేది, మీకు అర్థమయ్యే కారణం ఒకటి దొరికేది. కులం మాట కూడా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, దానికి నేను ఎప్పుడూ పుస్తకం మూయలేదు. మీరు రాసినవన్నీ చదివాక మీ మీద కోపం వచ్చింది, తరవాత ఆ కోపానికి సిగ్గేసింది. మీరు నిలబడి పాఠం చెప్పారు. నాకు కుర్చీ వేసి కూర్చోమంటే వద్దంటున్నాను.

ఒక్క సంతోషం మీ ఉత్తరంలో దొరికింది. చిన్నమ్మలుగారు నా మాట విన్నారని రాశారు. ఆస్పత్రిలో ఏమన్నారు? చక్కెర ఉందన్నారా? మందులు ఇచ్చారా? తీపి మాన్పించండి. పుండు రోజూ శుభ్రంగా కడిగి కట్టాలి, చెప్పుల్లేకుండా తోటలోకి వెళ్ళనివ్వకండి. నా రెండేళ్ళ చదువు ఒక్క మనిషికైనా పనికివచ్చిందని ఆ రాత్రి బాగా నిద్రపోయాను.

పదిహేను రోజులుగా నేను శవాల హాలుకి వెళ్ళడం లేదు. ఆ వేళకి యూనివర్సిటీ తోటలోకి వెళ్ళి కూర్చుంటున్నాను. అక్కడ ప్రతి చెట్టుకీ పేరు రాసి రేకు కట్టారు. పేర్లు చదువుతూ, ఆకులు తిప్పి చూస్తూ ఉంటే పొద్దు తెలియదు. ఇంటర్లో నాకు వృక్షశాస్త్రం ఎంత ఇష్టమో మీకు గుర్తుందా? మీ తలదిండు కింద పెట్టి ఆకులు ఆరబెట్టేదాన్ని, మీరు తిట్టేవారు. మానేస్తే ఏం చేస్తానని కిందటిసారి తెలియదన్నాను. ఇప్పుడు తెలుసనుకుంటున్నాను. అమలాపురంలో బీయస్సీ చేరి, తరవాత టీచరు ట్రైనింగు చేస్తాను.

క్రిస్మసుకి రాను. గుడిలో నాకోసం అందరూ లేచి నిలబడి ప్రార్థన చేస్తుంటే అక్కడ ఉండలేను. ఏదో పరీక్ష అని చెప్పండి.

రూతు


రాజోలు
15-11-1979

రూతమ్మా,

ఈ ఉత్తరం చదివాక నన్ను ఏమన్నా పడతాను.

నీకు తెలియని సంగతి ఒకటుంది. నీ ఉత్తరాలు నేను ఇంట్లో విప్పను. శనివారం వచ్చినా అలాగే బైబిల్లో పెట్టి ఉంచి, మర్నాడు సమాజంలో అందరి ఎదుటా సీతారత్నం చేత అంచు చింపించి అప్పుడే చదువుతాను. అందరి బియ్యం మీద వచ్చే ఉత్తరం కదా, ముందు నేనొక్కదాన్నే చదివితే దాచుకున్నట్టుంటుందని నేనే పెట్టిన పద్ధతి అది. ఆ రోజు కూడా అలాగే విప్పాను. "మీకు ఒక్కరికే" అన్న మాట కనబడేసరికి ముప్ఫై మంది నా నోరు చూస్తున్నారు. నాలుగు వరసలు కళ్ళతో చదివాను. ఆపితే అందరికీ తెలిసిపోతుంది. అందుకని కాగితం చూస్తూ నా సొంత మాటలు చదివేశాను. నువ్వు క్షేమమనీ, రాత్రింబవళ్ళు చదువుతున్నావనీ చెప్పాను. అంతటితో ఊరుకోవచ్చుగా! చిన్నమ్మలు ముందు వరసలో కాలు చాపుకుని కూర్చుని, "నా సంగతేటైనా రాసిందాండీ?" అంది. రాసిందన్నాను. "క్రిస్మసుకి వచ్చి నీ కాలు నేనే చేత్తో పట్టుకుని చూస్తాను, అంతవరకూ భయపడకు" అని రాసిందన్నాను. ఆ ముఖం వెలిగిపోయింది.

ఇంటికొచ్చి నీ ఉత్తరం చివరిదాకా ఏడుస్తూ చదివాను. కానీ మడత మీద చూడలేదు. చేతిలో నలిపి పెట్టెలో పడేశాను. నీ రెండో ఉత్తరం మాత్రం అందగానే ఇంట్లోనే విప్పాను. ఆస్పత్రిలో ఏమన్నారని నువ్వు అడిగితే నాకు అర్థం కాలేదు. పాత ఉత్తరం తీసి అటూ ఇటూ తిప్పితే అప్పుడు కనబడింది.

పరుగున వెళ్ళాను. కట్టు విప్పితే వేలు నల్లగా ఉంది. "ఇంకెన్నాళ్ళండీ, క్రిస్మసు వొచ్చేత్తంది కదా" అని నన్నే ఓదార్చింది. ఆవిడ పక్కింటి జోజి కారు మాట్లాడుకొచ్చాడు, అమలాపురం తీసుకెళ్ళాం. చక్కెర బాగా ఎక్కువగా ఉందన్నారు. రెండు వేళ్ళు తీసేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే పాదమే తీయవలసివచ్చేదని డాక్టరుగారు నన్ను చెడామడా తిట్టారు. ఇన్నాళ్ళూ ఎందుకు ఆగారని ఆయన అడిగితే, చిన్నమ్మలు నాకన్నా ముందే, "మా డాక్టరమ్మ వొత్తానందండీ" అని జవాబు చెప్పింది.

నేను ఆవిడకి ఇంకా నిజం చెప్పలేదు. రోజూ అన్నం పట్టుకెళ్తున్నాను. తినిపిస్తున్నాను. చెప్పలేక తిరిగొస్తున్నాను. మీ నాన్నతో కూడా మాట్లాడలేకపోతున్నాను. నా నోటికి ఇప్పుడు ప్రార్థన కూడా రావడం లేదు.

అత్తయ్య


విశాఖపట్నం
24-11-1979

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం చదివి మొదటి రోజు మిమ్మల్ని తిట్టుకున్నాను. నా పేరు పెట్టి ఎవరో నాలా మాట్లాడినట్టు అనిపించింది. రెండో రోజు నా ఉత్తరం నాకు గుర్తొచ్చింది. నా ఏడుపంతా పేజీ నిండా ముందు రాసుకుని, ఆవిడ కాలు సంగతి చోటు చాలక మడత మీద రాశాను. అది ఒక్కటే రాసి పంపి, నా గోల తరవాత రాసుకోవలసింది. నాతో చదివేవాళ్ళలో ఎవరైనా సరే ఆ మాటే ముందు రాసేవారు. మీ తప్పు మీరు మొయ్యండి, నాది నాకు ఉంచండి. పంచుకుంటే తగ్గేది కాదు.

ఆవిడ వేళ్ళు పోయాయని తెలిశాక, ఇక నోరు మూసుకుని డాక్టరీ పూర్తి చెయ్యడమే నాకు తగిన శిక్ష అనుకున్నాను. నాలుగు రోజులు హాలుకి వెళ్ళాను కూడా. ఒకరోజు పాదం కోసి నరాలు చూపించమన్నారు. చూపించాను, బాగా చేశావన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే తెలిసింది. ఒకరి వేళ్ళు పోగొట్టిన బాధతో నేను డాక్టరునైతే, నా దగ్గరికి వచ్చే ప్రతి మనిషిలో చిన్నమ్మలుగారినే చూస్తాను, వచ్చిన మనిషిని చూడను. కనక మానేస్తున్నాను. సోమవారం కాలేజీలో కాగితం ఇస్తాను. నాన్నగారికి ఇదే టపాలో రాశాను.

దీంతో పాటు సమాజానికి ఒక ఉత్తరం పెట్టాను. మీరే చదవాలి. ఈసారి ఒక్క మాట కూడా మార్చకండి.

రూతు


రాజోలు స్త్రీల సమాజంలోని అమ్మలకూ అక్కలకూ రూతు వందనాలు.

నేను డాక్టరీ చదువు మానేశాను. ఎవరూ మాన్పించలేదు, పరీక్ష తప్పలేదు, జబ్బు చెయ్యలేదు. ఆ పనికి నేను తగనని నాకే తెలిసింది. ఇక చెట్ల గురించి చదువుకుంటాను. ముందే చెప్పవలసింది, చెప్పలేకపోయాను. మీరు ప్రతి పూటా ఎసట్లో పోసేముందు తీసిన పిడికెడు తిని ఇన్నాళ్ళు చదివాను. అవి తిరిగి ఇవ్వగలిగేవి కావు. ఈ నెల నుంచి ఆ కుండ వేరే పిల్లకి ఇవ్వండి. ఆ పిల్లని ఏం చదువుతావని ముందు అడగండి.

చిన్నమ్మలుగారూ, క్రిస్మసుకి వచ్చి మీ కాలు చూస్తానని నేను రాయలేదు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళమని రాశాను, కానీ ఆ మాటని కనబడని చోట రాశాను. మీరు నా కోసం ఆగారు, నేను అప్పటికే ఈ చదువు వదిలెయ్యాలనుకుంటున్నాను. క్షమించమని అడగడానికి నాకు నోరు రావడం లేదు. మీరు నన్ను ఏమన్నా వినడానికి వస్తాను.

రూతు


రాజోలు
4-12-1979

రూతుకు అత్తయ్య రాయడం.

చదివాను. ఒక్క మాట మార్చలేదు. నీ ఉత్తరం చదివేముందు, అక్టోబరులో నేను చదివిందంతా నా కల్పనేనని చెప్పాను. అది నీ ఉత్తరంలో లేదు గానీ నేను చెప్పకుండా నీదొక్కటీ చదివితే మళ్ళీ దాచినట్టేనని అనిపించింది.

చదవడం అయ్యాక సీతారత్నమే ముందు నోరు విప్పింది. "ఇన్నాళ్ళ బియ్యం గోదాట్లో పోసినట్టే కదండీ" అంది. పక్కనున్నవాళ్ళు ఆవిడ్ని కసిరారు. నేను వద్దన్నాను, ఆవిడ అన్నది తప్పేమీ కాదు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మీ అమ్మ తల వంచుకుని కూర్చుంది. వచ్చే నెల బియ్యం ఎవరికన్నది తేలలేదు.

చిన్నమ్మలుని జోజి సైకిలు మీద కూర్చోబెట్టి తెచ్చాడు. కట్టుతోనే వచ్చింది. నా వైపు చూడలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే, "ఆవేళ నాకే సెప్పుంటే బస్సెక్కి నేనే పోదును కదండీ" అంది. అంతే అంది. రోజూ నేను పెట్టిన అన్నం తిని, నేను చెప్పకుండా లేచి వస్తుంటే చూసిన మనిషి. నేను తల ఎత్తలేకపోయాను.

ఆఖరి ప్రార్థన ఎవరు చేస్తారని అడిగితే ఎవరూ కదల్లేదు. చిన్నమ్మలు గోడ పట్టుకుని లేచింది. ఆవిడ ఎప్పుడూ పైకి ప్రార్థన చెయ్యదు, నీకు తెలుసు. ఆవిడ అన్నది అన్నట్టు రాస్తున్నాను.

"తండ్రీ, మా రూతు డాక్టరు అవదంట. ఇంకేటో సదుంకుంటాదంట, అది నీకూ దానికీ తెలాల. కృపావతమ్మగారు నా మంచికే అబద్దమాడేరు. ఇంకెప్పుడూ నా మంచి ఆయమ్మకి ఒగ్గీకు, నాకే సెప్పమను. కాలి ఏళ్ళు రెండూ పోయేయి, అయ్యి ఎలాగూ రావు. మిగిలినియి ఉన్నాయి. నాకు కోపంగానే ఉంది తండ్రీ, లేదని నీకాడ అబద్దమాడను. ఆ పిల్లని పండక్కి రమ్మను. డాక్టరు కాకపోతే మానె, వొచ్చి నా కాలు సేత్తో పట్టుకుని సూడమను. ఆమేన్."

అందరూ ఆమేన్ అన్నారు. వాళ్ళంతా అన్నాక నేనొక్కదాన్నీ అన్నాను.

మీ నాన్న నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. ఇవాళ కాఫీ తాగుతూ, "కొబ్బరిచెట్టు గురించి చదవడానికి కాలేజీ ఎందుకే చెల్లాయ్?" అన్నాడు. మాట్లాడాడు, ఇప్పటికి అదే పదివేలు. నిన్ను చూడగానే ఏమంటాడో నేను చెప్పలేను, నువ్వు పడక తప్పదు.

రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కు. ఇంటికి కాదు, ముందు చిన్నమ్మలు దగ్గరికే రా. రావులపాలెంలో బస్సు ఆగినప్పుడు అలవాటుగా అరటిపళ్ళు కొనేవు. ఆవిడకి తీపి పనికిరాదని నువ్వే రాశావు. ఏమీ తేకు, ఉత్త చేతులతో రా.

అత్తయ్య